ఇన్‌ఛార్జి రూటరు

వార్డెన్ గారు సెలవు పెట్టిన రోజున మన హాస్టల్లో వంట ఆగదు. ఇన్‌ఛార్జి సారు అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని సంతకాలు పెడతారు. మనం వెళ్ళేది వార్డెన్ గదికి. లోపల ఎవరున్నారన్నది మనకు పట్టదు. కంప్యూటర్ నెట్‌వర్కులోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఈ హాస్టల్లో చదివి, ఇప్పుడు ఆ పనిలోనే ఉన్న మేము ముగ్గురం తమ్ముళ్ళ కోసం దాని గురించి రాస్తున్నాం.

ల్యాబులోని ప్రతి కంప్యూటరుకూ బయటికి వెళ్ళే దారిగా ఒక ఐపీ అడ్రసు ఇస్తాం. అదే డిఫాల్ట్ గేట్‌వే. అది ఒకే రూటరుదైతే, ఆ రూటరు చెడిపోగానే ల్యాబంతా ఆగిపోతుంది. పక్కన రెండోది ఉన్నా లాభం లేదు, కంప్యూటర్లకు దాని అడ్రసు తెలియదు కదా! అందుకని రెండు రూటర్లకూ వేర్వేరు అడ్రసులిచ్చి, మూడోదాన్ని ఉమ్మడిగా పెడతాం. అదే మన వార్డెన్ కుర్చీ. 1998లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతి పేరు వీఆర్ఆర్‌పీ. సిస్కో వారికి హెచ్ఎస్ఆర్‌పీ అని ఇలాంటిదే మరొకటుంది. లేయర్ 3 స్విచ్చిల మీద కూడా వీటిని పెట్టుకోవచ్చు.

ప్రయారిటీ అంకె ఎక్కువున్నది మాస్టరు. అది సెకనుకొకసారి 'నేనున్నాను' అని చెబుతూ ఉంటుంది. మూడు సెకన్లకు పైగా ఆ మాట వినపడకపోతే బ్యాకప్ రూటరు ఆ కుర్చీలోకి వస్తుంది. ఉమ్మడి ఐపీతో పాటు ఉమ్మడి మ్యాక్ అడ్రసూ దానికే వస్తుంది గనుక కంప్యూటర్లలో ఏమీ మార్చనక్కరలేదు.

చదివితే ఇంత సులువే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీ ల్యాబులో మాస్టరుకు 110, బ్యాకప్‌కు 100 పెట్టాం. మాస్టరుకు కరెంటు తీసి చూశాం, రెండోది అందుకుంది. సంతోషంగా ఇంటికొచ్చాం. ఆన్‌లైన్ పరీక్ష రోజున బయటి లైను తెగింది. మాస్టరు మాత్రం బతికే ఉంది! లోపలివైపు 'నేనున్నాను' అంటూనే ఉంది. బ్యాకప్ కదల్లేదు. పిల్లలు కదలని తెర వంక చూస్తూ కూర్చున్నారు. వాళ్ళలో మనలాగే హాస్టల్ నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

దీనికి మందు ట్రాకింగ్. లైను పడిపోతే ప్రయారిటీ తగ్గించుకోమని మాస్టరుకు ముందే చెప్పాలి. మేము కంగారులో 10 తగ్గించమన్నాం. 110లో 10 పోతే 100, అంటే ఇద్దరూ సమానం. సమానమైతే బ్యాకప్ ముందుకు రాదు, తనది ఎక్కువైతేనే వస్తుంది. 20 అని మార్చాక మాస్టరు 90కి దిగింది, రెండోది అందుకుంది. అప్పటికి ఇరవై నిమిషాలు పోయాయి. ఆ ఇరవై నిమిషాలు మాకు ఇప్పటికీ గుర్తే.

ఒక్కోసారి అవతల లైను తెగినా రూటరు పోర్టు వెలుగుతూనే ఉంటుంది. అక్కడ దూరంలోని అడ్రసుకు పింగ్ చేసి కనిపెట్టే ట్రాకింగ్ పెట్టాలి. పరీక్షించేటప్పుడు కరెంటు ఒక్కటే కాదు, బయటి కేబులు కూడా పీకి చూడండి. రెండు రూటర్లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించిన చోట్లూ చూశాం. ముందు ఆ ప్లగ్గు మార్చండి, ప్రయారిటీ సంగతి తర్వాత.