‘సరే’ అంటే ఒప్పుకున్నట్లేనా?

నంద్యాల జిల్లాలోని ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు పేరుపొందిన ఊరు. అక్కడి శిల్పికి దూరదేశం నుంచి ఎవరో “మూడడుగుల విగ్రహం కావాలి” అని కబురు పంపారనుకోండి. వెంటనే ఉలి పట్టవచ్చునా? పీఠంతో కలిపి మూడడుగులా, పీఠం కాకుండానా అని ముందు అడగాలి. చెక్కేసిన రాయి మళ్ళీ అతకదు కదా!

నంద్యాలలో చదువుకున్న ఒక ఇంజనీరు అమెరికా బృందంతో కలిసి సాఫ్ట్‌వేర్ రాస్తున్నదనుకోండి. ఆమెకూ ఇదే చిక్కు. సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటరు ఏం చేయాలో చెప్పే ఆదేశాల వరుస. “మీ ఉద్దేశం ఇదేనా?” అని కంప్యూటరు అడగదు. మనుషులే ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలి.

అడగకపోతే ఏమవుతుంది?

అంగారక గ్రహ వాతావరణాన్ని పరిశీలించడానికి నాసా సంస్థ 1998 డిసెంబరులో ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అనే నౌకను పంపింది. నౌకలోని చిన్న రాకెట్ల తోపుడును ఒక బృందం సాఫ్ట్‌వేర్ పౌండ్ల కొలతలో లెక్కగట్టింది. దారి చూపే బృందం ఆ అంకెలను న్యూటన్లు అనుకున్నది. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లకు సమానం. నెలల తరబడి చిన్న తేడాలు పోగుపడ్డాయి. 1999 సెప్టెంబరు 23న ఆ నౌక అంగారకుడికి దాదాపు 57 కిలోమీటర్ల దగ్గరకు వెళ్ళి నాశనమైంది. దారి తప్పుతున్నదన్న అనుమానం కొందరికి ముందే వచ్చింది. కాని అది చేరవలసిన వారికి చేరవలసిన రీతిలో చేరలేదు.

ఆ రెండు బృందాలదీ ఒకే దేశం, ఒకే భాష! ఇక దేశాలే వేరైతే?

4/5 అని రాస్తే మనకు మే 4. అమెరికా వారికి ఏప్రిల్ 5. “రేపు ఉదయం 9 గంటలకు” అంటే ఎవరి ఉదయం? చలికాలంలో నంద్యాలలో ఉదయం 9 అయినప్పుడు న్యూయార్కులో ముందురోజు రాత్రి 10.30.

మాటతీరులోనూ తేడాలున్నాయి. పెద్దవారితో “కుదరదు” అనలేక మనం “చూస్తానండీ” అంటాం. అందులోని ‘కాదు’ మనవారికి వినిపిస్తుంది. అవతలి దేశం వారు మాత్రం పని శుక్రవారానికి అందుతుందని ఎదురు చూస్తారు. కొన్ని సమాజాల్లో అర్థం ఎక్కువగా మాటల్లోనే ఉంటుందనీ, మరికొన్నింటిలో చాలా భాగం సందర్భంలో దాగి ఉంటుందనీ ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1976లో ప్రచురించిన పుస్తకంలో వివరించాడు. ఇందులో ఎవరి పద్ధతీ తప్పు కాదు. ఒక దేశంలోని వారందరూ ఒకే తీరుగానూ ఉండరు.

అందుకే ఇలాంటి బృందాలకు శిక్షణ ఇస్తారు. అందులోని ముఖ్యమైన అలవాట్లు ఇవి: నెల పేరును అక్షరాలలో రాయడం, అంకె పక్కన కొలమానం రాయడం, విన్నదాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పడం, పని ఆలస్యమైతే ముందే స్పష్టంగా తెలపడం, “అర్థమైందా?” అని కాక, “మీకు ఏమర్థమైంది?” అని అడగడం. మొదటి ప్రశ్నకు చాలామంది మొహమాటంతో “సరే” అనేస్తారు.

మీరూ చేసి చూడండి

ఇద్దరు మిత్రులు వీపులు ఆనించి కూర్చోండి. ఒకరు ఒక బొమ్మను మాటల్లో వర్ణించాలి. రెండవవారు చూడకుండా గీయాలి. మొదటిసారి ప్రశ్నలు అడగకూడదు. రెండవసారి వేరొక బొమ్మ తీసుకోండి. ఈసారి ప్రశ్నలు అడగవచ్చు, విన్నదాన్ని తిరిగి చెప్పవచ్చు. తరువాత బొమ్మలను పోల్చి, ఏ మాట దగ్గర దారి తప్పారో వెతకండి.