పగడం నిలిస్తేనే లక్షదీవులు

సెలవులు రాగానే ఊటీ వెళ్దామా, కొడైకెనాల్ వెళ్దామా అని ఇళ్లలో చర్చ మొదలవుతుంది. సముద్రమంటే ఇష్టపడే కుటుంబాలకు మేము ఈవారం మరో చోటు చెబుతున్నాం. కేరళ తీరానికి పడమరగా, అరేబియా సముద్రంలో ఉన్న లక్షదీవులు.

పేరులో లక్ష ఉన్నా ఇక్కడి దీవులు 36. జనం నివసించేవి పది మాత్రమే. అన్నింటి భూమి కలిపినా 32 చదరపు కిలోమీటర్లే. 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 96 మందికి పైగా ముస్లింలే. అందువల్ల నమాజుకు మసీదు ఎక్కడ, హలాల్ భోజనం దొరుకుతుందా అనే బెంగ అక్కర్లేదు. కవరత్తిలోని ఉజ్రా మసీదులో చెక్కపై చెక్కిన పనితనం చూసి తీరవలసిందే. మినికాయ్‌లో 1885 నాటి లైట్‌హౌస్ ఉంది. మిగిలిన దీవుల్లో మలయాళం మాట్లాడితే, అక్కడ మాల్దీవుల భాషకు దగ్గరైన మహల్ మాట్లాడతారు.

వెళ్లాలంటే ముందుగా ప్రవేశ అనుమతి పొందాలి. కొచ్చి నుంచి ఓడలోనైనా, అగత్తికి విమానంలోనైనా చేరవచ్చు. వానాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కనుక అక్టోబరు తర్వాత బయలుదేరడం మేలు.

దీవి ఒడ్డుకూ, చుట్టూ ఉన్న పగడపు దిబ్బకూ మధ్య నీరు చెరువులా నిశ్చలంగా ఉంటుంది. దీనినే లగూన్ అంటారు. పిల్లలు కయాక్ పడవ నడపడానికి ఇది అనువైన చోటు. కద్మత్‌లో శిక్షకుల తోడుతో, వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగవచ్చు. రంగురంగుల చేపలు, తాబేళ్లు పక్కనుంచే ఈదుకుంటూ పోతాయి.

అయితే ఈ అందానికి ఆధారం పగడమే. పగడం రాయి కాదు, ప్రాణి. కోట్లాది చిన్న ప్రాణులు కట్టుకున్న సున్నపు గూళ్లే ఈ దిబ్బలు. అలల దెబ్బను అవే కాచుకుంటాయి. ఒడ్డున మెరిసే తెల్లని ఇసుక కూడా పగడపు పొడే. దీవులు సముద్రమట్టానికి చాలాచోట్ల ఒకటి రెండు మీటర్లే ఎత్తు. దిబ్బ చచ్చిపోతే దీవికి రక్షణ ఉండదు.

సముద్రం వేడెక్కితే పగడం రంగు కోల్పోయి పాలిపోతుంది. వేడి తగ్గకపోతే చనిపోతుంది. 1998, 2010, 2016లలో ఇక్కడ పెద్దఎత్తున ఇదే జరిగింది. బంగారం దీవి సమీపంలో నిర్జనంగా ఉన్న పరాళి-1 దీవి కోతకు గురై పూర్తిగా కనుమరుగైందని 2017లో ఒక అధ్యయనం వెల్లడించింది.

కనుక వెళ్లేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పగడంపై కాలు మోపరాదు. ముక్క విరిచి ఇంటికి తేవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు వేసుకుంటే మర్యాదకు మర్యాద, ఎండ లేపనాలు నీటిలో కలిసే బెడదా తగ్గుతుంది. ప్లాస్టిక్ చెత్తను వెంట తెచ్చుకోవాలి. నేలలో ఉప్పునీటిపై పలుచగా తేలే మంచినీటి పొర మీదనే దీవివాసులు తరతరాలుగా బతికారు. వజూలో సైతం నీటిని వృథా చేయరాదని చిన్ననాటి నుంచి విన్న మనకు ఇది కొత్త పాఠం కాదు.

మనం నాలుగు రోజులుండి వచ్చేస్తాం. అక్కడివారి పిల్లలు అక్కడే బతకాలి. ఆ సంగతి తెలిసిన అతిథులుగా వెళ్లివద్దాం.