ఆ కారు ఏ ఊరిది?

రాత్రి పదకొండున్నర. స్టేషన్ బయట సన్నటి వాన. నేనూ మా అమ్మాయీ చెరో పెట్టె పట్టుకుని నిలబడ్డాం. రోడ్డుకి అవతల వరసగా నాలుగైదు కార్లు ఆగి ఉన్నాయి. ఒకాయన అద్దం దించి ‘ఎక్కడికి?’ అని అడిగాడు. ఆ చలికి ప్రాణం లేచి వచ్చింది నాకు. అటు ఒక్క అడుగు వేశానో లేదో, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

‘ఆగమ్మా, మనం బుక్ చెయ్యలేదు. అలా ఎక్కకూడదు.’

‘ట్యాక్సీయే కదే!’

‘ట్యాక్సీ కాదు. అదే కదా గొడవంతా!’

కూతురు ఇంగ్లండులో చదువుకుంటోందని మూడు నెలలు ఉండి వద్దామని వెళ్ళాను. ఇల్లు వెతకడం, వంట నేర్పడం లాంటివి నేను చెప్తాననుకున్నాను గానీ, ఈ కార్ల సంగతి మాత్రం అదే నాకు నేర్పింది. మన పిల్లలు ఎంతోమంది అక్కడ చదువుతున్నారు. రాత్రిపూట పార్ట్‌టైమ్ పని ముగించుకుని ఇళ్ళకి చేరుతున్నారు. కాబట్టి ఇక్కడున్న తల్లులకీ ఈ సంగతి తెలియాలనిపించింది.

రెండు రకాల బళ్ళు

ఇంగ్లండులో కిరాయి కార్లు రెండు రకాలు. మొదటిది అసలు ట్యాక్సీ. స్టాండులో నిలబడచ్చు, రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగచ్చు. కానీ లైసెన్సు ఇచ్చిన కౌన్సిల్ హద్దుల్లోనే. రెండోది ప్రైవేట్ హైర్ కారు. దీన్ని ముందుగా బుక్ చేసుకోవాల్సిందే. ఫోనులో కానీ, యాప్‌లో కానీ, ఆపరేటరు ఆఫీసుకి వెళ్ళి కానీ. దారిన పోయేవాళ్ళని ఎక్కించుకోవడం నేరం. లండన్‌కి 1998 నాటి చట్టం ఉంది. మిగతా ఇంగ్లండులో దాదాపు అంతటా 1976 నాటి చట్టమే నడుస్తోంది. యాప్‌లూ స్మార్ట్‌ఫోన్లూ ఎవరూ కలగనని రోజుల్లో రాసిన చట్టమన్నమాట!

డ్రైవరుకి, కారుకి, బుకింగ్ తీసుకునే ఆపరేటరుకి మూడు వేర్వేరు లైసెన్సులు. ఆ మూడూ ఒకే కౌన్సిల్ ఇచ్చినవై ఉండాలి. అవి ఉంటే, బుకింగ్ మీద ఇంగ్లండులో ఏ మూలకైనా వెళ్ళచ్చు, ఎక్కడినుంచైనా ఎక్కించుకోవచ్చు. దానికితోడు 2015లో చట్టం మార్చారు. ఒక ఊరి ఆపరేటరు తనకొచ్చిన బుకింగ్‌ని ఇంకో ఊరి ఆపరేటరుకి అప్పగించచ్చన్నారు. అంటే మీరు ఫోన్ చేసింది మీ వీధి చివరి కంపెనీకే అయినా, గుమ్మం ముందు ఆగే కారు మరో ఊరిది కావచ్చు.

లైసెన్సులిచ్చే కౌన్సిళ్ళు ఇంగ్లండులో 260కి పైనే. ఒక్కోచోట ఒక్కో ఫీజు, ఒక్కో పరీక్ష, కారు వయసుకి ఒక్కో లెక్క. ఒకచోట నెలలు పట్టే పని ఇంకోచోట తొందరగా అయిపోతుంటే మనిషి ఎటు వెళతాడు? వూల్వర్‌హాంప్టన్ అనే ఊరు ఈ విషయంలో దేశమంతా పేరు మోసింది. ఆ ఊరి ప్లేటు తగిలించుకుని, నూరు కిలోమీటర్లు దాటి మాంచెస్టర్‌లో తిరిగే కార్లు ఎన్నో. గ్రేటర్ మాంచెస్టర్‌లో తిరిగే ప్రైవేట్ హైర్ కార్లలో దాదాపు సగం బయటి లైసెన్సులవేనని 2025లో అక్కడి అధికారులే చెప్పారు.

నిలబడితే తప్పా?

మరి పొరుగూరి కారు వచ్చి ఇక్కడ కాచుకుని కూచోవచ్చా? ఈ ప్రశ్న హైకోర్టు దాకా వెళ్ళింది. లండన్ లైసెన్సున్న ఒక డ్రైవరు 2017లో రెడింగ్ అనే ఊళ్ళో కారు ఆపుకుని యాప్‌లో బుకింగ్ కోసం ఎదురు చూస్తున్నాడు. ఇది వీధిలో బేరం కోసం నిలబడటమేనని అక్కడి కౌన్సిల్ కేసు పెట్టింది. కింది కోర్టు కొట్టేసింది. 2019లో హైకోర్టూ కౌన్సిల్ మాట ఒప్పుకోలేదు. అతను ఎవర్నీ పిలవలేదు, బుకింగ్ లేకుండా ఎవర్నీ ఎక్కించుకోలేదు, యాప్‌లో కారు బొమ్మ కనిపించినంత మాత్రాన నేరం కాదు పొమ్మంది.

నాకైతే ఆ తీర్పులో తప్పేం కనిపించలేదు. నిజానికి ఆ కాచుకోవడం చూస్తే జాలేస్తుంది. మా అమ్మాయి ఇంటి సందులో రోజూ ఒక కారు ఆగేది. ఒకరోజు ఆ డ్రైవరుతో మాట కలిసింది. ఇల్లు గంటన్నర దూరంట. తెల్లారి బయల్దేరితే మళ్ళీ రాత్రికే. ఫ్లాస్కులో టీ, డబ్బాలో రొట్టె. ‘అన్నిటికంటే కష్టం బాత్‌రూమండీ’ అన్నాడు మొహమాటంగా. మగవాడు కాబట్టి ఆ మాత్రం గడుస్తోంది. ఆ వృత్తిలో ఆడవాళ్ళు ఎందుకంత తక్కువో నాకు అప్పుడర్థమైంది. సందులో వాళ్ళకి మాత్రం అతనంటే చిరాకే. చెత్త పడేస్తున్నారనీ, ఇంటి ముందు చోటు లేకుండా చేస్తున్నారనీ.

కాచుకుని ఉండటం వేరు, అద్దం దించి ‘ఎక్కడికి?’ అనడం వేరు. ఆ రాత్రి మేం ఎక్కి ఉంటే? బుకింగ్ లేదు కాబట్టి మేం ఏ కారులో వెళ్ళామో ఎక్కడా నమోదు కాదు. మామూలుగా ఆ ప్రయాణానికి బీమా కూడా వర్తించదు. ఆ మనిషికి అసలు లైసెన్సు ఉందో లేదో కూడా తెలియదు.

ఫిర్యాదు ఎవరికి?

అసలు చిక్కు బుక్ చేసుకున్నాక కూడా రావచ్చు. మా అమ్మాయి రూమ్మేటుదీ తెలుగే. ఒక రాత్రి పని నుంచి వస్తుంటే డ్రైవరు దారి మళ్ళించి, ‘ఒక్కదానివే ఉంటావా? ఫోన్ నెంబరివ్వు’ అంటూ మొదలుపెట్టాడట. బిక్కుబిక్కుమంటూ ఇల్లు చేరింది. మర్నాడు తానుంటున్న ఊరి కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే, ‘ఆ కారుకి లైసెన్సు మేం ఇవ్వలేదమ్మా, ఇచ్చినవాళ్ళకి రాయండి’ అన్నారు. మనిషి ఉన్నది ఇక్కడ, కారు తిరుగుతున్నది ఇక్కడ, లైసెన్సు రద్దు చేసే అధికారం మాత్రం ఎక్కడో! మీరూ నేనూ అయితే ఆ మాటతోనే ఊరుకునేవాళ్ళం కాదూ?

ఇది ఆ పిల్ల ఒక్కదాని బాధ కాదు. రోథర్‌హామ్‌లో ఏళ్ళ తరబడి ఆడపిల్లల మీద జరిగిన అఘాయిత్యాల్లో కొందరు ట్యాక్సీ డ్రైవర్ల పాత్ర బయటపడ్డాక, ఆ ఊరి కౌన్సిల్ తాను లైసెన్సిచ్చే కార్లలో కెమెరాలు తప్పనిసరి చేసింది. కానీ పక్క ఊరి లైసెన్సుతో వచ్చే కారుకి ఆ నిబంధన అంటదు కదా. 2025 జూన్‌లో లూయిస్ కేసీ ఇచ్చిన నివేదిక ఈ కంతను వెంటనే పూడ్చమని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకుంది.

కొంత మేలు 2022 చట్టంతో జరిగింది. వేరే ఊరి లైసెన్సున్న డ్రైవరు మీద తీవ్రమైన విషయం ఏదైనా తమ దృష్టికొస్తే, కౌన్సిల్ 10 పనిదినాల్లో అసలు కౌన్సిల్‌కి తెలియజెయ్యాలి. వాళ్ళు 20 పనిదినాల్లో ఆలోచించి, లైసెన్సు ఉంచాలో తీసేయాలో చెప్పాలి. ఈ సంగతి తెలిసి అడిగితే ఒకలా ఉంటుంది, తెలియక ఫోన్ పెట్టేస్తే ఒకలా.

అందుకే మీ పిల్లలకి చెప్పండి. కారుకి మామూలు నెంబరు ప్లేటు కాక, లైసెన్సు ప్లేటు వేరే ఉంటుంది. దాని మీద కౌన్సిల్ పేరు, నెంబరు ఉంటాయి. లండన్‌లో అయితే అద్దం మీద బిళ్ళ. డ్రైవరుకి బ్యాడ్జి ఉంటుంది. యాప్ చూపించిన నెంబరు, మనిషి ఫొటో కలిస్తేనే ఎక్కాలి. ‘మీరు ఎవరికోసం వచ్చారు?’ అని మనమే అడగాలి. పేరు అతని నోటి నుంచి రావాలి, మనం అందించకూడదు. ప్రమాదం అనిపిస్తే మాత్రం కౌన్సిల్ సంగతి తర్వాత, ముందు 999.

ఆ రూమ్మేటు అదృష్టం, బుకింగ్ వివరాలు ఫోనులో ఉన్నాయి. ప్లేటు నెంబరు ఆపరేటరు దగ్గర తీసుకుని, లైసెన్సిచ్చిన కౌన్సిల్‌కి మా అమ్మాయీ ఆ పిల్లా కూచుని రాత్రి రెండింటి దాకా ఉత్తరం రాశారు. నేను టీ పెట్టిచ్చాను. తొమ్మిదో రోజున జవాబొచ్చింది, విచారిస్తున్నామని. నేను తిరుగు ప్రయాణమయ్యే నాటికి ఇంకా అదే మాట.

ఎయిర్‌పోర్టుకి వెళ్ళడానికి కారు వచ్చింది. నేను పెట్టెలు ఎక్కిస్తుంటే ఆ పిల్ల మెల్లగా కారు వెనక్కి వెళ్ళింది. ఫోను తీసి ప్లేటు ఫొటో తీసుకుంది.

‘ఏ ఊరిదే?’ అన్నాను.

‘మళ్ళీ వేరే ఊరిదే ఆంటీ’ అంది.