అర పాయింటు బరువు

తోటివాళ్లు ముగ్గురి ఆటా అయిపోయింది. దూరంగా నిలబడి చూస్తున్నారు. మాట సాయం చేయకూడదు, సైగ చేయకూడదు. నాలుగో బోర్డు దగ్గర కోరుట్ల కుర్రాడొక్కడే రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుటివాడు ఎత్తు వేసి, 'డ్రా చేసుకుందామా?' అన్నాడు. ఏం చెప్పాలి?

జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల చదరంగం జట్లు ఫైనల్లో తలపడుతున్నాయని ఊహించుకోండి. (2016 అక్టోబరు 11కి ముందైతే ఇలా ఊహించుకునే వీలే లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... మూడూ కరీంనగర్ జిల్లావే మరి!) జట్టు పోటీలో నాలుగు బోర్డులు. గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర పాయింటు. ముందుగా రెండున్నర చేరిన జట్టుదే మ్యాచ్.

సొంతానికి ఆడే టోర్నీలో ఆ కుర్రాడు తన బోర్డు చూసుకుంటే చాలు. ఇక్కడ పక్క బోర్డులూ చూడాలి. జట్టుకి అప్పటికే రెండు పాయింట్లుంటే ఆ అర పాయింటుతో కప్పు వచ్చేసినట్టే. ఒక్కటే ఉంటే ఆ డ్రాతో ఒరిగేదేమీ లేదు. ఓడిపోయే ప్రమాదమున్నా గెలుపు కోసమే ఆడాలి. పావులు అవే, గళ్లు అవే... జవాబు మాత్రం వేరు! కెప్టెన్ 'ఒప్పుకో' అనో 'వద్దు' అనో చెప్పొచ్చు. ఆట ఎలా ఉందన్నది మాత్రం నోరు జారకూడదు. ఒక్కడి పొరపాటుకి నలుగురూ మూల్యం చెల్లించాలి. సిరిసిల్లలో మరమగ్గం నడిపేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పేక నూలు తెగిందంటే మగ్గం ఆగాల్సిందే.

ఈ బరువేంటో ద్రోణవల్లి హారికను మించి తెలిసినవాళ్లు మన దగ్గర తక్కువ. గుంటూరులో పుట్టిన ఆమె పదమూడేళ్ల వయసులో, 2004లో తొలి ఒలింపియాడ్ ఆడింది. ఒలింపియాడ్ అంటే చదరంగంలో దేశాల జట్ల పోటీ. 2022లో చెన్నై దగ్గర మామల్లపురంలో జరిగినప్పుడు ఆమె నిండు గర్భిణి. అయినా వచ్చి ఆడింది. చివరి రౌండుకి ముందు భారత మహిళల జట్టే అగ్రస్థానంలో ఉంది. పసిడి చేతికొచ్చినట్టే అనుకున్నారంతా. ఆగస్టు 9న అమెరికా చేతిలో 3-1తో ఓటమి. కాంస్యంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అదే నెలలో హారిక పాపకి జన్మనిచ్చింది.

రెండేళ్లు గడిచాయి. 2024 సెప్టెంబరు, బుడాపెస్ట్. ఈసారి హారికది మొదటి బోర్డు. అక్కడ కూర్చున్నవాళ్లకి ప్రతి దేశం నుంచీ ఎదురయ్యేది ఆ దేశపు మేటి క్రీడాకారిణే. ఎనిమిదో రౌండులో పోలెండ్ చేతిలో జట్టు ఓడింది. తొమ్మిదో రౌండులో అమెరికాతో డ్రా. మళ్లీ పాత కథేనా అన్న దిగులు! పదో రౌండులో చైనా మీద మూడు బోర్డులు డ్రా అయితే, దివ్యా దేశ్‌ముఖ్ ఒక్కతే గెలిచింది. రెండున్నర, ఒకటిన్నర. ఆ ఒక్క గెలుపే జట్టుని నిలబెట్టింది. కానీ మిగతా మూడు అర పాయింట్లు లేకపోతే అది దేనికి పనికొచ్చేది?

సెప్టెంబరు 22, చివరి రౌండు. కజకిస్థాన్ సరిగ్గా సమానంగా నిలిచింది. అజర్‌బైజాన్ మీద హారిక గెలిచింది. దివ్య, వంతిక గెలిచారు. వైశాలి డ్రా. 3.5-0.5! అటు కజకిస్థాన్, అమెరికా మ్యాచ్ డ్రా అవడంతో పసిడి మనదైంది. తొలి ఒలింపియాడ్ ఆడిన ఇరవై ఏళ్లకి హారిక మెడలో బంగారం పడింది.

అదే రోజు పురుషుల జట్టు స్లొవేనియాని 3.5-0.5తోనే ఓడించింది. పదకొండు మ్యాచ్‌ల్లో పది గెలుపులు, ఒక్క డ్రా. జట్టులో మరో గుంటూరు బిడ్డ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. ఇక హన్మకొండ కుర్రాడు ఇరిగేశి అర్జున్ సంగతి చూడండి. అప్పటికి మన జట్టులో అందరికన్నా ఎక్కువ రేటింగ్ అతనిదే. అయినా ఆడించింది మూడో బోర్డు మీద! 'నేను ముందు కూర్చోవాలి కదా' అనుకునే వయసే. కానీ గుకేశ్, ప్రజ్ఞానంద ముందు నిలబడితే మూడో బోర్డు మీద ఆ స్థాయి ఆటగాడిని తట్టుకోవడం ఏ దేశానికైనా కష్టమే. పదకొండు గేముల్లో పది పాయింట్లు తెచ్చి, ఆ బోర్డు మీద వ్యక్తిగత స్వర్ణమూ అందుకున్నాడు. చివరి రౌండులో నల్ల పావులతోనే గెలిచాడు. అదే ఏడాది డిసెంబరు జాబితాలో అతని రేటింగ్ 2801.

హన్మకొండ నుంచి కరీంనగర్ మీదుగా వస్తే జగిత్యాల, అక్కణ్నుంచి కాస్త ముందుకెళ్తే కోరుట్ల. అక్కడి పిల్లలకి అర్జున్ మరీ దూరపువాడేం కాదు.

ఇంతకీ మన కోరుట్ల కుర్రాడు ఏం చేస్తాడు? పక్క బోర్డుల వంక చూశాడు. ఓ గెలుపు, రెండు ఓటములు. గడియారం చూశాడు. చేయి కలపలేదు. గుర్రాన్ని ఎత్తి ముందుకేశాడు.