రైఫిల్ గొట్టము – తూటా స్థిరత్వము

బొంగరము వేగముగ తిరుగుచున్నంతసేపు నిటారుగ నిలుచును. వేగము తగ్గినంతనే తూలి పడిపోవును. రైఫిల్ తూటా విషయమును ఇట్టిదే.

కోసుగ, పొడవుగ నుండు తూటాలో వాయుపీడన కేంద్రము గరిమనాభికి ముందుండును. అందుచేత ఎదురుగాలి దానిని తలక్రిందులు చేయజూచును. దీనిని నివారించుటకే గొట్టము లోపల మెలిదిరిగిన గాడులు తీయుదురు. తూటా వానిని ఒరసికొనుచు, గిరగిర తిరుగుచు వెలువడును. గాడి ఒక పూర్తి చుట్టు తిరుగుటకు పట్టు దూరమే ‘మెలి’. ఆ దూరము తగ్గినకొలది భ్రమణవేగము హెచ్చును.

మరి ఏ తూటాకు ఎంత మెలి కావలెను? సీసపు తూటాలకు పనికివచ్చు సులభసూత్రమును ఆంగ్ల గణితవేత్త జార్జి గ్రీన్‌హిల్ 1879లో రూపొందించెను. తూటా పొడవు వ్యాసమునకు ఎన్ని రెట్లో ఆ సంఖ్యతో 150ని భాగించి, వచ్చినదానిని వ్యాసముతో గుణింపవలెను. వ్యాసము 0.3, పొడవు 1.2 అంగుళములైనచో పొడవు 4 రెట్లు. 150ని 4తో భాగించిన 37.5, దానిని 0.3తో గుణించిన 11.25 అంగుళములు. పొడవు పెరిగినకొలది మెలి బిగువు కావలెనన్నమాట.

గాలి సాంద్రతయు లెక్కకు వచ్చును. అమెరికా ఎమ్-16 రైఫిల్‌కు మాతృకయైన ఏ.ఆర్.-15లో మొదట మెలి 14 అంగుళములు. అతిశీతల ప్రాంతపు చిక్కని గాలిలో తూటాలు తడబడగా దానిని 12కు మార్చిరి. 1980వ దశకమున పొడవైన తూటాల కొరకు ఎమ్-16ఏ2లో 7కు తగ్గించిరి.

అయితే మెలి మితిమీరినచో తూటా తయారీలోని స్వల్పలోపము సైతము పెద్దదై గురి చెడును. కావున తూటాకు తగిన మెలియే గురికి ప్రాణము.