అవ్వ పేరున పట్టా

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల నుంచి రోజూ రాత్రి కూరగాయల బండ్లు హైదరాబాద్ దారి పడతాయి. టమాట, బెండ, పాలకూర, కొత్తిమీర. వాటి వెనకే బంతి, చామంతి, గులాబీ. తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్‌లోనో మెహిదీపట్నం రైతుబజార్‌లోనో రేటు తేలిపోతుంది. ఆ కట్టలు కట్టిన చేతులు ఎవరివని మాత్రం ఎవరూ అడగరు. మా అవ్వవి అలాంటి చేతులు. ఆమె పోయాక నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే అది ఒక్క ఇంటి ముచ్చటగా ఆగలేదు. ఈ రోడ్డు మీద ఏ ఊళ్లో బస్సు దిగినా అలాంటి అవ్వ ఒకామె ఎదురవుతుంది.

ఆమె కాపురానికి వచ్చేనాటికి మోట బావి. తర్వాత కరెంటు మోటారు, ఆ తర్వాత బోరు. నీళ్లు ఏ దారిన వచ్చినా మడిలోకి తిప్పింది ఆమే. పొద్దు వాలాకగానీ కొత్తిమీర పీకేది కాదు. ఎండలో పీకితే రాత్రికే వడలుతుంది. వేర్లకంటిన మన్ను దులిపి, గుప్పెడు తీసి, వేర్లన్నీ ఒకవైపుకు సరిచేసి, సుతిలి రెండు చుట్లు తిప్పి, పంటితో తెంపి ముడేసేది. బిగించి కడితే లోపలి ఆకు మగ్గుతుంది. వదులుగా కడితే మార్కెట్లో కట్ట విప్పి చూపించి ధర కోస్తారు. ఆ రెంటికీ నడుమ ఎంత బిగువుండాలో ఆమె వేళ్లకు తెలుసు, మాకు ఎంత చెప్పినా పట్టుబడలేదు. తడి గోనెసంచుల్లో సర్ది, పైన నీళ్లు చిలకరించి, అర్ధరాత్రి దాటాక డీసీఎం హారన్ కొట్టేదాకా వాకిట్లోనే నడుం వాల్చేది. నాలుగింటికి మళ్లీ లేచి పొయ్యి రాజేసేది. గిర్నీ పట్టించిన జొన్నపిండిలో మసిలే నీళ్లు పోసి పిసికి, అరచేత్తో తట్టి రొట్టెలు చేసేది. మేము లేచేసరికి రొట్టెలు దస్తీలో చుట్టి ఉండేవి, ఆమె పొలంలో ఉండేది. సర్కారు మనిషి వివరాలు రాసుకోవడానికి వస్తే మా తాత మాత్రం “మా ఇంటామె ఇంట్లనే ఉంటది” అని చెప్పేవాడు. అందులో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. నాకు ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

డీసీఎంలు రాకముందు గంప నెత్తినెత్తుకుని రోడ్డు మీదికి నడిచేది. మొయినాబాద్ నుంచి మన్నెగూడ వైపు ఇరుపక్కలా నిజాం కాలపు మర్రిచెట్లు, తొమ్మిది వందల దాకా. బస్సు ఎప్పుడొస్తుందో తెలియని ఆ రోజుల్లో ఆ నీడే ఆ ఆడవాళ్లకు బస్టాండు. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీస్తారన్న మాట వచ్చినప్పుడు పర్యావరణం పేరు తెలియని ముసలివాళ్లు కూడా ఎందుకు కలత పడ్డారో ఆ నీడన కూర్చున్నవాళ్లకు అర్థమవుతుంది.

ఆమె దేవుడు చిలుకూరు బాలాజీ. అమెరికా వీసాల కోసం ఇంజినీరింగ్ పిల్లలు బారులు తీరకముందు నుంచే అక్కడికి వెళ్లేది. కోరుకునేటప్పుడు పదకొండు, తీరాక నూటెనిమిది ప్రదక్షిణలు. చదువుకున్నవాళ్లు చేతిలో అంకెల కార్డు పట్టుకుని గీతలు పెట్టుకుంటారు. అవ్వకు అంకెలు రావు. కొంగులో చింతగింజలు మూటగట్టుకుని వెళ్లి, చుట్టుకొకటి చొప్పున రెండో చేతిలోకి మార్చుకునేది. ఆ గుడిలో హుండీ లేదు. “పైసలడగని దేవుడు బిడ్డా, మనసోంటోళ్ల దేవుడు” అనేది. అయినా ఆమె భక్తి ఒక్క గుడి దగ్గర ఆగేది కాదు. తొలి ఏకాదశికి జొన్నపేలాల పిండి, ఎల్లమ్మకు బోనం, పీర్ల పండుగకు మలీద. ఎరువు చల్లేముందు కూడా చేతులు జోడించేది. కోరికలు ఎప్పుడూ రెండే: వాన, పిల్లల ఒంట్లో బాగుండటం. తనకోసం ఏం మొక్కిందో ఎవరికీ తెలియదు.

భూమి సంగతి చెప్పకుండా ఈ తరాన్ని తలుచుకోలేం. 1908 మూసీ వరద తర్వాత పట్నాన్ని కాపాడటానికి, దాహం తీర్చడానికి గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ చెరువుల్లోకి వచ్చే నీళ్లు చెడిపోకూడదని 1996లో 111 జీవో తెచ్చారు. 84 ఊళ్లలో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట పడింది. జీవో ఉన్నా ఫాంహౌస్‌లు లేచాయి. 2022లో ఆ ఆంక్షలను ఎత్తేస్తూ మరో జీవో వచ్చింది. అప్పటికే ఊళ్లో సగం మాటలు గజాల లెక్కలోకి మారిపోయాయి. చుట్టూ అమ్ముతున్నా అవ్వ ఒప్పుకోలేదు. ఒప్పుకోనని చెప్పే హక్కు ఆమెకు ఎలా వచ్చిందన్నదే నాకు ఆమె జీవితంలో అన్నిటికన్నా పెద్ద సంగతి.

తాత పోయినప్పుడు విరాసత్ కొడుకుల పేరున చేయించుకుందామన్నారు. ఊళ్లో అదే రివాజు. భర్త ఆస్తిలో భార్యకూ పిల్లలతో సమానంగా వాటా ఉందని 1956 చట్టమే చెప్పింది, కానీ ముసలామెకు పట్టా ఎందుకని అడిగినవాళ్లే ఎక్కువ. ఎప్పుడూ గొంతెత్తని మనిషి ఆ రోజు కొడుకులను కూర్చోబెట్టి “నాట్లేసింది నేను, కలుపు తీసింది నేను. నా పాలు నాకు రాయుండ్రి” అంది. రాశారు. 2018లో రైతుబంధు మొదలై, ఎకరాకు 4,000 రూపాయల చెక్కు, కొత్త పాసుబుక్కు ఇచ్చినప్పుడు ఆమె ఫొటోతో, ఆమె పేరుతో వచ్చాయి. చెక్కు మార్చిన డబ్బు విత్తనాలకే పోయింది. పాసుబుక్కును మాత్రం సందూకలో పట్టుచీర మడతలో పెట్టుకుంది.

ఆడపిల్లల వాటా గురించి కూడా అప్పుడే నోరు విప్పింది. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం అంతకుముందే పెళ్లయిన కూతుళ్లను వదిలేసింది. మా మేనత్తలిద్దరూ ఆ లెక్కలోనే బయట ఉండిపోయారు. 2005 కేంద్ర చట్టం ఆ తేడా తీసేసినా, పుట్టింటికొస్తే చీర పెట్టి పంపడంతోనే సరిపెట్టాం. అవ్వ చట్టాల జోలికి పోలేదు. “చీరె పెట్టి పంపుడు కాదు, పాలు ఇయ్యాలె” అని, చేతకానయ్యేలోపే తన పాలు ఇద్దరు కూతుళ్ల పేరున రిజిస్ట్రీ చేయించింది. మా నాన్నకు ముందు రుచించలేదు. కొన్నాళ్లు ఇంట్లో మాటల్లేవు. తర్వాత ఆయనే బోరు నీళ్లు వాళ్ల మడికి తిప్పాడు.

ఆ చెక్కలో చిన్న మేనత్త ఇప్పటికీ పాలకూర, కొత్తిమీర వేస్తోంది. రేటు పడిపోయిన ప్రతిసారీ అమ్మేద్దామన్న మాట ఇంట్లో లేస్తుంది. సంతకం ఆమెది కాబట్టి ఆమెనే అడగాలి. ఇప్పటిదాకా ఒప్పుకోలేదు.