మనసుకు పరీక్ష... బిడ్డ కోసం!

'ఆవిడకు మతిస్థిమితం లేదు, బిడ్డను నాకిప్పించండి'... 'ఆయనకు కోపమొస్తే మనిషి కాదు, పిల్లాణ్ని పంపను'. ఇందుకూరుపేట కాపురమైనా ఇంకే ఊరిదైనా, గొడవ కోర్టుకెక్కాక ఇలాంటి మాటలు రావడం మామూలే. మరి నిజమేదో తేల్చేదెవరు? జడ్జి డాక్టరు కాదుగా!

అందుకే వైద్యనిపుణుల సాయం తీసుకోవచ్చంటోంది కుటుంబ న్యాయస్థానాల చట్టం(1984). భార్యాభర్తల్ని పరీక్షకు పంపే అధికారం కోర్టుకుందని 2003లో శారద-ధర్మపాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అడగ్గానే పంపరు, గట్టి ఆధారం కనిపించాలి. పంపాక వెళ్లనని మొండికేస్తే మాత్రం అది వారికే ఎదురు తిరగొచ్చు.

వ్యక్తిత్వ లోపంతోనే అసలు చిక్కు. అది స్కానింగులో కనిపించదు, రక్తపరీక్షకు దొరకదు. వయసొచ్చిన దగ్గర్నుంచీ మనిషి నడత ఎలా ఉందో పలుమార్లు మాట్లాడి, ఇంట్లోవాళ్లనీ అడిగి రాబట్టాలి. అయినా, బిడ్డ దూరమవుతుందన్న భయంతో కోర్టు మెట్లెక్కినవాళ్లు ఎప్పట్లా ఎలా ఉంటారు?

జబ్బు పేరు తేలినంతమాత్రాన బిడ్డను లాక్కోరు. సంరక్షకుల చట్టం(1890) చూసేది పిల్లల క్షేమాన్ని. వేళకు అన్నం పెడుతున్నారా, బడికి పంపుతున్నారా, కొడుతున్నారా... ఇవీ ఆరా తీయాల్సినవి. తెలుగు డాక్టర్ దంపతుల కేసులో భార్యకు స్కిజోఫ్రెనియా అంటూ భర్త విడాకులు కోరితే, 2013లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

మానసిక ఆరోగ్య చట్టం(2017) ప్రకారం, ఆసుపత్రిలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయకూడదు. ముప్పుందని వేరుచేసినా, సిబ్బంది సమక్షంలో బిడ్డను ఆమెకు చూపించాలి. పదిహేను రోజులకోసారి ఆ నిర్ణయాన్ని సమీక్షించాలి.